నలభై ఐదో కిలోమీటరు దగ్గర మోకాలు: రాబర్ట్ కోజెన్యోవ్‌స్కీ క్రీడాజీవితంపై ఒక కోచ్ కేస్ స్టడీ

1992 బార్సిలోనా ఒలింపిక్స్ 50 కిలోమీటర్ల నడక పోటీలో పోలండ్‌కు చెందిన 24 ఏళ్ల రాబర్ట్ కోజెన్యోవ్‌స్కీ మూడున్నర గంటలకు పైగా నడిచి, రెండో స్థానంలో, స్టేడియం ముఖద్వారం దాకా వచ్చారు. అక్కడ ఆయనకు ఎర్ర పలక చూపించారు. రజత పతకానికి కొన్ని వందల మీటర్ల దూరంలో అనర్హత వేటు పడింది. ఫలితాల పట్టికలో ఆయన పేరుకు ఎదురుగా సమయమూ లేదు, స్థానమూ లేదు. అదే వ్యక్తి తర్వాతి 12 ఏళ్లలో నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు, మూడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు, రెండు యూరోపియన్ స్వర్ణాలు గెలిచారు. 50 కి.మీ. ప్రపంచ రికార్డును రెండుసార్లు మెరుగుపరిచారు.

నేను రేస్ వాకింగ్ కోచ్‌ను. నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలు, వారి తల్లిదండ్రులు మొదట అడిగేది టైమింగ్ గురించే. ఫలానా టైమింగ్ వస్తే జాతీయ పోటీలకు వెళ్లవచ్చా అని అడుగుతారే గాని, ఆ టైమింగ్‌తో నడుస్తున్నప్పుడు మోకాలు నిటారుగా ఉందా లేదా అని ఎవరూ అడగరు. అందుకే ఈ కేసును ఎంచుకున్నాను. వేగవంతుడైన ఒక వాకర్, తన వేగాన్ని జడ్జి కళ్ల ముందు చివరి కిలోమీటరు దాకా నిలబెట్టుకోగల వాకర్‌గా మారిన క్రమం కోజెన్యోవ్‌స్కీ ఫలితాల్లో సంవత్సరాల వారీగా కనిపిస్తుంది. ఇక్కడ చెప్పే సమయాలు, స్థానాలు నమోదైన రికార్డులు. వాటి వెనుక కారణాల గురించి చెప్పేవి మాత్రం ఒక కోచ్‌గా నేను తీసిన అంచనాలు. రెండింటినీ కలపకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

నిబంధన ఏమి కోరుతుంది, శరీరం ఏమి ఇస్తుంది

నడక పోటీకి మూల నిబంధనలు రెండే. ఒకటి, రెండు పాదాలూ ఒకేసారి నేలను వదిలినట్టు మనిషి కంటికి కనిపించకూడదు. రెండు, ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి శరీరం దాని మీదుగా నిట్టనిలువు స్థితికి వచ్చేదాకా మోకాలు వంగకుండా ఉండాలి. బార్సిలోనా నాటికి రెండో నిబంధన ఇంత కఠినంగా లేదు. నిట్టనిలువు స్థితిలో కాలు నిటారుగా ఉంటే సరిపోయేది. 1990ల మధ్యలో దాన్ని మార్చి, తొలి స్పర్శ నుంచే మోకాలు నిటారుగా ఉండాలన్నారు. కోజెన్యోవ్‌స్కీ ఒలింపిక్ స్వర్ణాలు నాలుగూ ఈ కఠినమైన నిబంధన కింద గెలిచినవే. ఆయన పాత పద్ధతిలో బతికిపోయిన వాకర్ కాదని గుర్తించడానికి ఈ ఒక్క విషయం చాలు.

మార్గం పొడవునా నిలబడే జడ్జీలు యంత్రాల సాయం లేకుండా కంటితోనే చూస్తారు. తప్పు జరగబోతున్నదని అనిపిస్తే పసుపు పలక చూపిస్తారు. అందులో అలల గీత ఉంటే నేల వదులుతున్నావని అర్థం, కోణం గుర్తు ఉంటే మోకాలు వంగుతున్నదని అర్థం. తప్పు స్పష్టంగా కనిపిస్తే రెడ్ కార్డు రాసి చీఫ్ జడ్జికి పంపుతారు. ముగ్గురు వేర్వేరు జడ్జీల నుంచి మూడు కార్డులు చేరితే ఆ రోజుల్లో పోటీ ముగిసినట్టే. ఇప్పుడు చాలా పోటీల్లో మూడో కార్డుకు పెనాల్టీ జోన్‌లో కొన్ని నిమిషాలు ఆపి, నాలుగో కార్డుకు బయటికి పంపుతున్నారు. కోజెన్యోవ్‌స్కీ పోటీపడిన కాలంలో ఆ వెసులుబాటు లేదు. పైగా రెడ్ కార్డును వాకర్‌కు నేరుగా చూపించరు, ఎర్ర పలక చూపించేది అనర్హత ఖాయమయ్యాకే. చుట్టు తిరిగి వచ్చినప్పుడు బోర్డు మీద తన నంబరు ఎదురుగా పడిన గుర్తును చూసుకోవాలి. అంటే నిర్ణయం ఒకచోట జరుగుతుంది, వాకర్‌కు తెలిసేది మరోచోట, కొంత ఆలస్యంగా.

శరీరం వైపు నుంచి చూస్తే, ఉన్నత స్థాయి వాకర్లు నిమిషానికి 190 నుంచి 200 అడుగుల దాకా వేస్తారు. ఒక్కో అడుగు సుమారు 1.2 మీటర్లు. ఆ లెక్కన 50 కిలోమీటర్లకు 40 వేలకు పైగా అడుగులు పడతాయి. ఆ వేగంలో పాదాలు రెండూ నేలను వదిలే క్షణాలు వాస్తవానికి ఉంటూనే ఉంటాయి. అయితే ఆ వ్యవధి సెకనులో సుమారు 25వ వంతు కంటే తక్కువగా ఉన్నంతవరకు కంటికి చిక్కదు. వేగం పెంచిన ప్రతిసారీ ఈ వ్యవధి పెరుగుతుంది కాబట్టి, ప్రత్యర్థిని దాటే క్షణంలోనే అలల గీత పలక లేస్తుంది. మోకాలి తప్పు దానికి భిన్నమైనది, అలసట నుంచి పుట్టేది. తొడ వెనుక కండరాలు, తొంటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయాక తొంటి తిరగడం తగ్గుతుంది. పాదం శరీరం కింద కాకుండా ముందుకు పడుతుంది. మడమ తాకే సమయానికి మోకాలు పూర్తిగా చాచుకోదు. నా అనుభవంలో 20 కి.మీ. నడిచేవారికి మొదటి తప్పు, అంతకంటే పొడవైన దూరాలు నడిచేవారికి రెండో తప్పు ఎక్కువగా ఎదురవుతాయి. మోకాలి తప్పులో ఉన్న చిక్కేమిటంటే, అలసిన వాకర్‌కు తన మోకాలు వంగుతున్న సంగతి తెలియదు. నేను వీడియో చూపించినప్పుడు అది తన కాలు కాదని వాదించిన పిల్లలు ఉన్నారు.

పూర్వరంగం

కోజెన్యోవ్‌స్కీ 1968 జులై 30న ఆగ్నేయ పోలండ్‌లోని లుబాచువ్ పట్టణంలో పుట్టారు. చిన్నతనంలో కీళ్లవాతంతో బాధపడ్డారు. ఆ తర్వాత జూడో నేర్చుకున్నారు. గంధకం గనులకు పేరున్న తర్నోబ్జెగ్‌లో, ఆ గంధకం పేరే పెట్టుకున్న షార్కా క్లబ్బులో, కౌమారంలో నడక పోటీలకు వచ్చారు. కీళ్ల జబ్బు చరిత్ర ఉన్న అబ్బాయిని మోకాలి మీద ఇంత భారం పెట్టే క్రీడలోకి తేవడానికి మన దగ్గర చాలామంది కోచ్‌లు జంకుతారు, నేనూ జంకేవాడినే. అయితే నడకలో ఒక పాదం ఎప్పుడూ నేలకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి నేల నుంచి వచ్చే దెబ్బ పరుగులో కంటే తక్కువ. పరుగు పడని కీళ్లకు నడక పడవచ్చు. ఆ తర్వాత ఆయన ఉత్తర ఫ్రాన్స్‌లోని టూర్‌క్వాన్‌లో ఉండి, అక్కడి క్లబ్బు తరఫున కూడా నడిచారు.

బార్సిలోనాకు ముందే ఆయన వేగంలో లోటు లేదు. 1990లో స్ప్లిట్‌లో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో 20 కి.మీ. పోటీలో నాలుగో స్థానం పొందారు. బార్సిలోనా తర్వాత, 1993లో టొరంటో ప్రపంచ ఇండోర్ పోటీల్లో 5,000 మీటర్ల నడకలో రజతం గెలిచారు. చిన్న దూరంలో ప్రపంచంలో రెండోవాడిగా నిలవగల వ్యక్తి 50 కిలోమీటర్ల చివర్లో అనర్హుడయ్యాడంటే, లోటు ఊపిరితిత్తుల్లో వెతకనవసరం లేదు. పోటీ చివరి భాగంలో నడక ఆకారం నిలవకపోవడమే ఈ కేసులో అసలు సమస్యగా నేను భావిస్తున్నాను.

అట్లాంటా దాకా

1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆయన 3 గంటల 45 నిమిషాల 57 సెకన్లతో కాంస్యం గెలిచారు. ఫిన్లాండ్‌కు చెందిన వాలెంటిన్ కొనొనెన్ 3:43:42తో స్వర్ణం గెలిచారు. అంటే కోజెన్యోవ్‌స్కీ విజేత కంటే రెండు నిమిషాలకు పైగా వెనుకబడ్డారు. కోచ్‌గా నేను ఈ కాంస్యానికి చాలా విలువ ఇస్తాను. గెలుపు కోసం తెగించకుండా, పోటీని శుభ్రంగా పూర్తిచేసి పతకం అందుకోవడం బార్సిలోనా లాంటి అనుభవం ఎదురైన వాకర్‌కు తప్పనిసరిగా కావలసిన మెట్టు. అనర్హత తర్వాత వెంటనే స్వర్ణం కోసం నడిపించే కోచ్‌లు వాకర్ మనసులో ఉన్న భయాన్ని లెక్కలోకి తీసుకోరు. భయపడే వాకర్ భుజాలు బిగిస్తాడు, భుజాలు బిగిస్తే తొంటి తిరగదు.

మరుసటి ఏడు అట్లాంటాలో, తన 28వ పుట్టినరోజు గడిచిన మూడు రోజులకు, 3:43:30తో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. రష్యాకు చెందిన మిఖాయిల్ షెన్నికోవ్ 16 సెకన్లు, స్పెయిన్‌కు చెందిన వాలెంతీ మసానా 49 సెకన్లు వెనుక వచ్చారు. ఆ వేగంలో 16 సెకన్లంటే సుమారు 60 మీటర్లు. 50 కిలోమీటర్ల తర్వాత వెనుక 60 మీటర్ల దూరంలో ప్రత్యర్థి ఉన్నప్పుడు సహజంగా ఎవరికైనా పరుగు తీయాలనే అనిపిస్తుంది. నడక ఆకారాన్ని వదలకుండా ఆ 60 మీటర్లను కాపాడుకోవడం బార్సిలోనాలో ఆయనకు లేని నైపుణ్యం. మరో ఏడాదికి ఏథెన్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ ఇదే పునరావృతమైంది: 3:44:46తో స్వర్ణం, స్పెయిన్ వాకర్ హెసూస్ ఆంగెల్ గార్సియాపై 13 సెకన్ల ఆధిక్యం. 1998 బుడాపెస్ట్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో 3:43:51తో మరో స్వర్ణం.

నాలుగేళ్లలో ఈ నాలుగు సమయాలు 3:43:30కూ 3:45:57కూ మధ్యే ఉన్నాయి. వేగంలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. కాంస్యం స్వర్ణంగా మారడానికి కారణం వేగం కాదని నేను అనడానికి ఇదే ఆధారం. ఈ దశలో ఆయన సంపాదించుకున్నది నిలకడ. కాని ఆధిక్యాలు ఎంత సన్ననివో కూడా చూడాలి. 13 సెకన్లు, 16 సెకన్లు ముందున్న వాకర్ చివరి చుట్టు దాకా తన సామర్థ్యపు అంచులోనే నడుస్తున్నాడన్నమాట.

సెవిల్, ఆ తర్వాత సిడ్నీ

అంచున నడిస్తే ఏమవుతుందో 1999లో సెవిల్‌లో తెలిసింది. ఒలింపిక్, ప్రపంచ, యూరోపియన్ విజేతగా బరిలోకి దిగిన కోజెన్యోవ్‌స్కీ అక్కడ మళ్లీ అనర్హుడయ్యారు. ఆయన విజయాల జాబితాలు రాసేవారు ఈ పోటీని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో ఈ కేసుకు కీలకం ఇదే. ఒకసారి సరిదిద్దిన నడక శాశ్వతంగా సరిదిద్దినట్టు కాదు. ఎండ, వేగం, అలసట, ఆ రోజు జడ్జీలు నిలబడిన కోణం, అన్నీ కలిసి ఏడేళ్ల కిందటి లోపాన్ని మళ్లీ పైకి తేగలవు. నా దగ్గర ఒక అమ్మాయి రెండేళ్లపాటు ఒక్క కార్డు కూడా పడకుండా నడిచి, మూడో ఏడు వరుసగా రెండు పోటీల్లో అనర్హురాలైంది. ఆమె నడక బాగుందన్న ధీమాతో నేను వీడియో తీయడం మానేసిన ఏడాది అది. ఆ తప్పు నాది.

సెవిల్ తర్వాత ఏడాదికి వచ్చిన సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆయన 20 కి.మీ., 50 కి.మీ. రెండింటిలోనూ దిగారు. సెప్టెంబరు 22న జరిగిన 20 కిలోమీటర్ల పోటీలో గీత మొదట దాటింది మెక్సికోకు చెందిన బెర్నార్దో సెగూరా. ఆయన తమ దేశాధ్యక్షుడితో ఫోన్‌లో మాట్లాడుతుండగా, మూడో రెడ్ కార్డు పడిందన్న కబురు వచ్చింది. రెండోవాడిగా గీత దాటిన కోజెన్యోవ్‌స్కీకి 1:18:59తో, ఒలింపిక్ రికార్డుతో, స్వర్ణం దక్కింది. మెక్సికోకే చెందిన నోయే ఎర్నాందెస్ నాలుగు సెకన్ల తేడాతో రజతం అందుకున్నారు. దీన్ని అదృష్టమని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. చివరి కిలోమీటర్లో సెగూరాతో పోటీపడుతూ తానూ కార్డులు తెచ్చుకుని ఉంటే కోజెన్యోవ్‌స్కీకి ఏ పతకమూ వచ్చేది కాదు. ఎనిమిదేళ్ల కిందట తాను నిలబడిన చోట ఈసారి మరొకరు నిలబడ్డారు. ఆ బాధ ఎలాంటిదో ఆ మైదానంలో ఆయన కంటే ఎక్కువగా తెలిసినవారు ఉండరు.

సెప్టెంబరు 28న మహిళల 20 కిలోమీటర్ల పోటీ జరిగింది. ముందంజలో ఉన్న వాకర్లు ఒకరి తర్వాత ఒకరు, మొత్తం ముగ్గురు, అనర్హులయ్యారు. వారిలో చివరివారైన ఆస్ట్రేలియా వాకర్ జేన్ సావిల్‌కు సొంత దేశపు ప్రేక్షకులు ఎదురుచూస్తున్న స్టేడియం సొరంగం దగ్గర ఎర్ర పలక చూపించారు. ఆ మర్నాడే పురుషుల 50 కిలోమీటర్ల పోటీ. జడ్జీలు ఎంత కచ్చితంగా ఉన్నారో కళ్లారా చూసిన వారం అది. కోజెన్యోవ్‌స్కీ 3:42:22తో, లాత్వియాకు చెందిన ఐగర్స్ ఫాదేయెవ్స్‌పై 78 సెకన్ల ఆధిక్యంతో గెలిచారు. ఒకే ఒలింపిక్స్‌లో 20, 50 కిలోమీటర్లు రెండూ గెలిచిన మొదటి పురుషుడు ఆయనే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 1:18:59 అంటే కిలోమీటరుకు సుమారు 3 నిమిషాల 57 సెకన్లు. వారం తర్వాత 3:42:22 అంటే కిలోమీటరుకు సుమారు 4 నిమిషాల 27 సెకన్లు. రెండింటి మధ్య తేడా 30 సెకన్లు. ఈ తేడాను నేను నా వాకర్లకు ‘దాచిన వేగం’ అని చెబుతాను. 3:57 వేగంలో జడ్జీల ముందు నడక ఆకారాన్ని కాపాడుకోగల శరీరానికి 4:27 వేగం దాదాపు తీరికైన నడక. అందులో తొంటి స్వేచ్ఛగా తిరుగుతుంది, మోకాలు పూర్తిగా చాచుకుంటుంది, అలసట వచ్చినా ఆకారం చెడిపోవడానికి ఇంకా కొంత దూరం మిగిలి ఉంటుంది. 50 కిలోమీటర్ల వాకర్లను నెమ్మదిగా, ఎక్కువ దూరాలు మాత్రమే నడిపించి తయారుచేయాలన్న పాత అలవాటును నేను వదులుకున్నది ఈ లెక్క వేసుకున్నాకే.

చివరి నాలుగేళ్లు

2001లో ఎడ్మంటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 3:42:08. 2002లో మ్యూనిక్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో 3:36:39, ప్రపంచ రికార్డు. 2003లో పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 3:36:03, మళ్లీ ప్రపంచ రికార్డు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 3:38:46. సిడ్నీతో కలిపి పెద్ద పోటీల్లో వరుసగా ఐదు 50 కిలోమీటర్ల స్వర్ణాలు, వాటి మధ్య ఒక్క అనర్హత కూడా లేదు.

ఎడ్మంటన్ నుంచి మ్యూనిక్‌కు ఒక్క ఏడాదిలో ఆయన ఐదున్నర నిమిషాలు తగ్గించారు. అప్పటికి ఆయన వయసు 34. అట్లాంటా నుంచి ఎడ్మంటన్ దాకా ఐదేళ్లలో తగ్గించింది మాత్రం 82 సెకన్లే. వయసు మీద పడుతున్నకొద్దీ వేగం పెరగడాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. సన్నని ఆధిక్యాలతో గెలిచిన రోజుల్లో ఆయన వేగాన్ని ప్రత్యర్థులు నిర్ణయించారు. నడక మీద భరోసా కుదిరాక వేగాన్ని తానే నిర్ణయించుకున్నారు. పారిస్ పోటీ వేగం కిలోమీటరుకు 4 నిమిషాల 19 సెకన్లు. అది సిడ్నీ 20 కిలోమీటర్ల వేగానికి ఇంకా 22 సెకన్లు ఇవతలే ఉంది. అంటే ప్రపంచ రికార్డు నెలకొల్పిన రోజున కూడా ‘దాచిన వేగం’ కొంత మిగిలే ఉంది. హైదరాబాద్ మారథాన్‌లో పరుగెత్తే మిత్రులకు ఈ వేగాన్ని వారి భాషలో చెబుతుంటాను: అదే వేగంతో సాగితే మారథాన్ దూరం సుమారు 3 గంటల 2 నిమిషాల్లో పూర్తవుతుంది, ఆ తర్వాత ఇంకా దాదాపు 8 కిలోమీటర్లు నడవాలి, అదీ మోకాలు వంచకుండా.

ఆ పారిస్ పోటీలో రష్యాకు చెందిన గెర్మాన్ స్కురిగిన్ 39 సెకన్ల వెనుక ఉన్నారు కాబట్టి ఒత్తిడి లేకుండా నడిచారని చెప్పలేం. ఏథెన్స్ మాత్రం వేరే రకం. ఆగస్టు ఎండలో, 36 ఏళ్ల వయసులో, రెండో స్థానంలో వచ్చిన దెనిస్ నిజెగొరోదోవ్‌పై 4 నిమిషాల 4 సెకన్ల ఆధిక్యంతో గెలిచారు. గీత దాటేసరికి తేడా 900 మీటర్లకు పైగా ఉంది. అట్లాంటాలో 16 సెకన్లు, సిడ్నీలో 78, ఏథెన్స్‌లో 244. జడ్జీల దృష్టి నుంచి ఆలోచిస్తే ఈ మూడు అంకెలకు సమయాల కంటే ఎక్కువ అర్థం ఉంది: ఆధిక్యం పెద్దదైనకొద్దీ చివరి కిలోమీటర్లలో వేగం పెంచాల్సిన అవసరం తగ్గుతుంది, వేగం పెంచకపోతే పాదాలు నేల వదిలే వ్యవధి పెరగదు, మోకాలు కలవరపడదు. ఏథెన్స్ తర్వాత ఆయన పోటీల నుంచి విరమించుకున్నారు.

నా శిక్షణలోకి ఏం తెచ్చుకున్నాను

మొదటిది, అలసిన నడకను చూడటం. తాజాగా ఉన్నప్పుడు ప్రతి వాకర్ నడకా అందంగానే ఉంటుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికి మొదలయ్యే పొడవు సాధనలో చివరి ఐదు కిలోమీటర్లను మాత్రమే పక్క నుంచి, మోకాలి ఎత్తులో కెమెరా పెట్టి తీస్తున్నాను. రెండోది, కార్డులను టైమింగ్‌తో సమానంగా రాసుకోవడం. సాధనలో ఇద్దరు వాకర్లను జడ్జీలుగా నిలబెట్టి, ఎవరికి ఏ కిలోమీటర్లో ఏ పలక లేచిందో పుస్తకంలో రాయిస్తున్నాను. ఒకరి నడకలో తప్పు పట్టడం నేర్చుకున్న పిల్లలు తమ నడకను త్వరగా సరిదిద్దుకుంటున్నారు. ఇది నేను ఊహించని ప్రయోజనం. మూడోది, అనర్హత తర్వాతి పోటీకి స్థానం లక్ష్యంగా పెట్టకపోవడం. గోథెన్‌బర్గ్ కాంస్యం లాంటి ఒక పోటీని ముందు శుభ్రంగా పూర్తిచేయాలి.

ఈ కేసును వాడుకోవడంలో ఒక పరిమితి ఉంది. 50 కిలోమీటర్ల ఒలింపిక్ పోటీ 2021 ఆగస్టులో సపోరోలో చివరిసారి జరిగింది. అందులో గెలిచింది కోజెన్యోవ్‌స్కీ దేశస్థుడే అయిన దావిద్ తొమాలా, సమయం 3:50:08. ఆ తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 35 కిలోమీటర్లు వచ్చింది, ఇప్పుడు హాఫ్ మారథాన్, మారథాన్ దూరాలు వస్తున్నాయి. దూరం తగ్గితే సగటు వేగం పెరుగుతుంది, ‘దాచిన వేగం’ తగ్గుతుంది, అలసట నుంచి వచ్చే మోకాలి తప్పుతో పాటు వేగం నుంచి వచ్చే నేల వదిలే తప్పు కూడా అదే వాకర్‌కు ఎదురవుతుంది. 30 సెకన్ల తేడా 50 కిలోమీటర్లకు సరిపోయింది, 42.195 కిలోమీటర్లకు ఎంత కావాలో నా వాకర్లలో ఒక్కొక్కరికీ విడిగా కొలుస్తున్నాను. వారి 20 కి.మీ. వేగం, 35 కి.మీ. వేగం, చివరి ఐదు కిలోమీటర్లలో మోకాలు మొదటిసారి వంగిన చోటు, ఈ మూడూ పక్కపక్కన రాసిన పట్టికలో ఇప్పటికి ఏడుగురి పేర్లు ఉన్నాయి.